అమ్మలూ, డైరీ రాస్తున్నావట

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, మాటల మధ్యలో నువ్వు డైరీ మొదలుపెడుతున్నావని చెప్పింది. కొంత నోటుపుస్తకంలో, కొంత ఫోన్‌లో రాస్తావట. ఇద్దరు స్నేహితులకు మాత్రం అప్పుడప్పుడు చదవనిస్తావట. "ఇంకెవరి కంటా పడకుండా ఎలా దాచుకోవాలో పిన్నిని అడగాలి" అన్నావట. మీ అమ్మ మామూలుగానే చెప్పింది కానీ, ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

చాలా సంతోషం వేసింది, అది ముందు చెప్పాలి. చిన్నప్పుడు నా పక్కన కూర్చుని "ఏం రాస్తున్నావు పిన్నీ" అని పుస్తకంలోకి తొంగి చూసేదానివి. నేను అరచెయ్యి అడ్డం పెడితే అలిగేదానివి. ఇప్పుడు నీ అరచెయ్యి అడ్డం పెట్టుకోవాల్సిన వయసు నీకొచ్చింది. నేను డైరీ రాయడం మొదలుపెట్టి 34 ఏళ్లు. అందులో రెండేళ్లు రాయలేదు. ఎందుకు రాయలేదో కిందికి వచ్చాక చెప్తాను, ఈ ఉత్తరం అసలు అందుకే.

చిన్న పనులు ముందు అయిపోగొట్టు. ఫోన్‌కి లాక్ పెట్టు, అది పుట్టినరోజు మాత్రం కాకూడదు. ఫోన్‌లో ఎవరెవరి వేలిముద్రలు ఉన్నాయో సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడు. ఎప్పుడో సరదాకి పెట్టిన స్నేహితురాలి వేలు ఇంకా అక్కడే ఉండొచ్చు. లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లు కనబడకుండా ఆపెయ్. నోటుపుస్తకం మంచం మీద వదలకు.

ఫోన్‌లో రాసేది ఫోన్‌లోనే ఉంటుందనుకోకు. ఇది చాలామందికి తట్టదు. ఒకే అకౌంట్‌తో ఇంట్లో ట్యాబ్ ఉంటే, నువ్వు గదిలో తలుపేసుకుని రాసిన నోట్ హాల్లో ఉన్న ట్యాబ్‌లో కూడా వచ్చి కూర్చుంటుంది. ఏ ఏ మెషీన్లలో నీ అకౌంట్ తెరిచి ఉందో జాబితా దొరుకుతుంది, అవసరం లేనివన్నీ తీసెయ్. వాట్సాప్‌లో మనకి మనమే మెసేజ్ పెట్టుకునే చోట డైరీ రాసుకునేవాళ్లను చూశాను. అలా చేస్తే లింక్డ్ డివైసెస్ అన్న చోట ఏమేం ఉన్నాయో తప్పకుండా చూసుకో. ఆఫీసు కంప్యూటర్‌లో ఒకసారి వాట్సాప్ తెరిచి మర్చిపోతే, అది నీకోసం అలాగే తెరిచి ఉంటుంది.

ఐఫోన్ నోట్స్‌లో ఒక నోట్‌కి తాళం వేసినా, దాని మొదటి లైను జాబితాలో కనబడుతూనే ఉంటుంది. అందుకని మొదటి లైనులో తేదీ మాత్రమే రాయి. "ఈరోజు ఫలానా వాళ్ల మీద ఎంత కోపం వచ్చిందంటే" అని మొదలుపెడితే, లోపల తాళం ఉండి ఏం లాభం? చెరిపేసినవి కూడా వెంటనే పోవు. ఆ నోట్స్‌లో గానీ గూగుల్ డ్రైవ్‌లో గానీ తీసేసిన కాగితం 30 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది. వెంటనే పోవాలంటే ఆ బుట్టను కూడా నువ్వే ఖాళీ చేయాలి.

ఇక నీ ఇద్దరు స్నేహితుల సంగతి. వద్దనను. మన రాత ఒకరైనా చదివితే బాగుండునని నాకూ ఎన్నోసార్లు అనిపించింది. కానీ గూగుల్ డాక్‌లో పెట్టి పంపేటప్పుడు "లింక్ ఉన్నవారెవరైనా" అని ఉన్నది ఎప్పుడూ నొక్కకు. ఆ లింక్ ఒక గ్రూపులో పడితే చాలు, ఇద్దరి కోసం తీసిన తలుపు రెండు వందల మందికి తెరుచుకుంటుంది. వాళ్ల ఈమెయిల్ ఐడీలు ఇచ్చి వాళ్లకు మాత్రమే అనుమతి ఇవ్వు. అది కూడా చదవడానికి మాత్రమే. మార్చే అనుమతి ఇస్తే, నువ్వు రాసి కొట్టేసిన పాత మాటలు కూడా వెర్షన్ హిస్టరీలో వాళ్లకు కనబడతాయి. మనం కొట్టేసిన మాటే మనం దాచాలనుకున్న మాట కదా. నేనైతే డైరీ మొత్తాన్ని ఎవరికీ తెరవను. చూపించాలనిపించిన పేజీని వేరే కాగితంలోకి ఎత్తి, అదొక్కటే పంపుతాను. ఎవరికి ఇచ్చినా స్క్రీన్‌షాట్ తీయగలరని మనసులో పెట్టుకుని పంపు. నీ స్నేహితులు మంచివాళ్లే అయ్యుండొచ్చు. వాళ్ల ఫోన్ వాళ్ల చేతిలో లేని రోజు కూడా ఒకటి వస్తుంది, నా భయం దాని గురించి.

ఏదో రహస్య లిపి నేర్చుకుని రాస్తానన్నావని కూడా మీ అమ్మ చెప్పింది. నీ వయసులో నేనూ అక్షరాలు తిప్పి రాసేదాన్ని. ఆ ముచ్చట తీర్చుకో, కానీ దాన్నే నమ్ముకోకు. ఇంగ్లండ్‌లో సామ్యూల్ పీప్స్ అనే ఆయన 1660 జనవరి 1న డైరీ మొదలుపెట్టి, కళ్లు పోతాయేమోనన్న భయంతో 1669 మే 31న ఆపేశాడు. అంతా షార్ట్‌హ్యాండ్‌లో, అంటే వేగంగా రాయడానికి వాడే గుర్తుల్లో రాశాడు. ఆయన పోయాక వందేళ్లకు పైగా ఆ పుస్తకాలు ఎవరికీ కొరుకుడు పడలేదు. 1819లో జాన్ స్మిత్ అనే విద్యార్థి మొదలుపెట్టి మూడేళ్లు కూర్చుని అంతా విప్పాడు. ఆ షార్ట్‌హ్యాండ్ నేర్పే పుస్తకం పీప్స్ గ్రంథాలయంలోనే, ఆ డైరీలు ఉన్న చోటే ఉందని పాపం అతనికి తెలియదు. పిల్లల కథలు రాసి బొమ్మలు వేసిన బియాట్రిక్స్ పాటర్ కూడా చిన్న వయసు నుంచి ముప్ఫై ఏళ్లు వచ్చేదాకా తను కల్పించుకున్న లిపిలోనే డైరీ రాసింది. ఆవిడ పోయాక 14 ఏళ్లు దాటాక, 1958లో, లెస్లీ లిండర్ అనే ఆయన దాన్ని చదవగలిగాడు. ఎలాగంటే, ఒక పేజీలో రోమన్ అంకెల్లో 16 అని, దాని దగ్గరే 1793 అని ఉన్నాయి. ఫ్రాన్స్ రాజు 16వ లూయీని చంపిన సంవత్సరం అది. ఆ ఒక్క కొసను పట్టుకుని లాగాడు.

వాళ్ల డైరీలు విప్పడానికి బయటివాళ్లకు ఏళ్లు పట్టింది. నా డైరీ తెరవడానికి ఇంట్లో మనిషికి ఒక్క నిమిషం పట్టింది. తెరవమని చెప్పింది కూడా నేనే.

నువ్వు అప్పటికి పుట్టలేదు. తాతయ్య ఆసుపత్రిలో ఉన్నారు. పగలు నేను, రాత్రి మీ అమ్మ ఉండేవాళ్లం. అప్పట్లో ఇంట్లో ఒక్క ల్యాండ్‌లైనే ఉండేది, నంబర్లన్నీ పుస్తకాల్లో రాసుకునేవాళ్లం. నేను డైరీలోనే అన్నీ రాసేదాన్ని. ముందు పేజీల్లో మనసులో మాటలు. వెనక పేజీల్లో డాక్టరు గారి నంబరు, మందుల వేళలు, ఎవరికెంత ఇవ్వాలో ఆ లెక్కలు. ఒక్క పుస్తకమైతే పోకుండా ఉంటుందని నా ఆలోచన. అదే నేను చేసిన తప్పు. నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది ఏదైనా ఉంటే ఇదే, అమ్మలూ.

ఒక రోజు మీ అమ్మ రావడం ఆలస్యమైంది. రెండు గంటలు. నేను అప్పటికి మూడు రోజులుగా సరిగ్గా నిద్రపోలేదు. తను వచ్చాక ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఇంటికి వెళ్లి డైరీ తీశాను. మీ అమ్మ గురించి నాలుగు లైన్లు రాశాను. తాతయ్య మీద తనకున్న ప్రేమ గురించి. కోపంలో ఉన్న మనిషి ఎంత తేలిగ్గా అన్యాయం చేయగలదో అంతా ఆ నాలుగు లైన్లలో ఉంది. రాశాక మనసు తేలికపడింది. పెన్ను పేజీల మధ్య పెట్టి మూసి పడుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం తాతయ్యకి ఊపిరి అందలేదు. నేను ఆసుపత్రిలో ఉన్నాను, మీ అమ్మ ఇంట్లో ఉంది. ఫోన్ చేసి, "డాక్టరు గారి నంబరు నా పుస్తకంలో వెనక ఉంది, తొందరగా చూసి చెప్పు" అన్నాను. పెన్ను పెట్టిన చోటే పుస్తకం తెరుచుకుంది. మీ అమ్మ వెతకలేదు, తొంగి చూడలేదు. తన పేరు తన కళ్ల ముందుకొచ్చింది, అంతే. అయినా వెనక పేజీకి తిప్పి, నంబరు ఒక్కో అంకె నిదానంగా చదివి చెప్పింది. గొంతులో ఏ తేడా లేదు. ఇప్పటికీ నాకు ఆ అంకెలు చదివిన గొంతు గుర్తొస్తుంది.

తాతయ్య ఆ గండం గడిచి ఇంటికి వచ్చారు. మీ అమ్మ మాత్రం నాతో ముక్తసరిగా మాట్లాడటం మొదలుపెట్టింది. నెల గడిచాక నిలదీస్తే చెప్పింది. అప్పుడు నేనేం చేశానో తెలుసా? "నా డైరీ ఎందుకు చదివావు" అని అరిచాను. నా హక్కు గురించి మాట్లాడాను. డైరీ ఒకరి సొంతమని, చదవడం తప్పని, ఎన్ని మాటలన్నానో. ఆ క్షణంలో "తప్పు రాశాను అక్కా" అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు.

ఆ రాత్రే పుస్తకం మొత్తం చింపేశాను. చింపుతుంటే తర్వాతి పేజీ కనబడింది. ఆ నాలుగు లైన్లు రాసిన మర్నాడు పొద్దున్న రాసుకున్నది. ముందు రాత్రి అక్క ఎందుకు ఆలస్యమైందో, దారిలో ఏం జరిగిందో, రాత్రంతా నాన్న కాళ్లు పడుతూ కూర్చుందని నర్సు చెప్పిన సంగతి, నా మీద నాకే కలిగిన సిగ్గు, అన్నీ ఉన్నాయి అందులో. మీ అమ్మ చదివిన పేజీకి అది వెనక వైపే. కోపంలో ఉన్నాను, అది కూడా చించేశాను. మేం మళ్లీ అక్కాచెల్లెళ్లలా మాట్లాడుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లు నేను ఒక్క పేజీ రాయలేదు.

అందుకే చెప్తున్నాను. డైరీలో ఇంకెవరికైనా పనికొచ్చే సమాచారం పెట్టకు. ఫోన్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు, రైలు టికెట్ల వివరాలు, ఇంట్లో లెక్కలు, వీటికి వేరే పుస్తకం, వేరే యాప్ పెట్టుకో. అవసరం పడి వచ్చే మనిషికి ఆ పుస్తకాన్ని నిర్భయంగా చూపించగలగాలి. డైరీని తెరవాల్సిన పని ఎవరికీ, ఏ అత్యవసరంలోనూ పడకూడదు. నీ ఫోన్ ఎవరికైనా ఇవ్వాల్సి వస్తుంది, తప్పదు. ఆ ఫోన్‌లో డైరీ మాత్రం వేరే తాళం వెనక ఉండాలి. ఆ తాళం మర్చిపోకు కూడా. కొన్ని యాప్‌లలో పాస్‌వర్డ్ పోతే కంపెనీవాళ్లు కూడా తెరవలేరు. చీటీ మీద రాసి నోటుపుస్తకానికి, ఫోన్‌కి దూరంగా ఎక్కడైనా పెట్టుకో.

మనుషుల మీద కోపంగా రాసినప్పుడు ఆ పేజీ పైన టైము వేయి. అర్ధరాత్రి 12.40 అని. నేను ఆ తర్వాత నేర్చుకున్నది ఇది. మళ్లీ చదువుకున్నప్పుడు ఎంత రాత్రప్పుడు రాశానో చూస్తే, ఆ మాటలకు ఎంత విలువ ఇవ్వాలో నాకే తెలుస్తుంది. మర్నాడు మనసు మారితే అదే పేజీ మీద, ఆ మాటల పక్కనే రాయి. తర్వాతి పేజీ దాకా వెళ్లకు.

ఇవన్నీ చదివి భయపడి, మెత్తమెత్తగా, ఎవరు చూసినా ఫర్వాలేదన్నట్టు రాయడం మొదలుపెడతావేమో అని ఇప్పుడు ఇంకో టెన్షన్ పట్టుకుంది నాకు. అలా చేయకు తల్లీ. అలా రాసిన పేజీలు నా దగ్గర కొన్ని ఉన్నాయి, రెండేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టిన కొత్తల్లోవి. మీ అమ్మ చదువుతుందేమో అన్నట్టు రాసినవి. ఎంత వెతికినా వాటిలో నేను కనబడను. తాళం గట్టిగా వేసుకుని లోపల నీకు తోచింది నీకు తోచినట్టు రాయి. నీకు కోపం వస్తే రానీ, ఏడుపు వస్తే రానీ. అది నీ చోటు.

ఒకవేళ ఎప్పుడైనా ఎవరైనా చదివేస్తే, నీకు కోపం రావడం న్యాయమే. కావాలని చదివిన వాళ్లయితే గట్టిగా అడుగు, తాళం మార్చు. కానీ చదివిన మనిషి ముఖం ఒక్కసారి చూడు, అందులో నొప్పి ఉంటే ముందు దాని గురించి మాట్లాడు. నీ కోపం మర్నాటిదాకా ఆగుతుంది.

మొదటి నోటుపుస్తకం నేనే పంపిస్తున్నాను. చిన్న సైజుది, నీ హ్యాండ్‌బ్యాగ్ లోపలి జేబులో పట్టేది. కుట్టు గట్టిది, ఎక్కడ తెరవాలంటే అక్కడ నువ్వే తెరవాలి, దానంతటది తెరుచుకోదు. వెనక పేజీలు ఖాళీగా వదిలెయ్.

ఈ ఉత్తరం నీకు పంపే ముందు మీ అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. తాతయ్య ఆసుపత్రి సంగతి నీకు చెప్పడానికి ఒప్పుకుంది. ఆ నాలుగు లైన్లు నేను మొదట ఇందులో ఉన్నవి ఉన్నట్టు రాశాను. అవి వద్దంది. తీసేశాను.

మీ పిన్ని