నెబ్బియోలో, బరోలో రెండూ ఒకటేనా?

కాదు. నెబ్బియోలో ఎర్ర వైన్ చేసే ద్రాక్ష పేరు. బరోలో ఆ ద్రాక్షతో మాత్రమే చేసే వైన్, అది పుట్టే ఊరి పేరు కూడా. ఇటలీ వాయవ్యంలోని పీడ్‌మాంట్ దీని సొంతిల్లు. ‘నెబ్బియా’ అంటే ఇటాలియన్‌లో పొగమంచు. అక్టోబరులో ఆ కొండల మీద మంచు కమ్మే రోజులకి గానీ ఈ కాయ పండదు, పేరు అందుకే వచ్చిందని చాలామంది అంటారు.

రంగు చూసి మోసపోవద్దు. గ్లాసులో పల్చగా కనిపిస్తుంది గానీ టానిన్ (వగరునిచ్చే పదార్థం) బాగా ఎక్కువ, పచ్చి వక్క నమిలినట్టు నోరంతా వగరెక్కుతుంది. పులుపూ తక్కువేం కాదు. అందుకే బరోలోను కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో, నిలవ ఉంచాకే అమ్మాలని నిబంధన. పక్క ఊళ్లో ఇదే ద్రాక్షతో చేసే బార్బరెస్కో వైన్‌కి 26 నెలలు చాలు. ముదిరేకొద్దీ గులాబీ వాసన, దాంతోపాటు తారు వాసన (నిజంగానే!) వస్తాయి. మొదటిసారి తాగేవాళ్లు ‘లాంగే నెబ్బియోలో’ (ఆ చుట్టుపక్కల లాంగే కొండల్లో ఇదే ద్రాక్షతో చేసే వైన్)తో మొదలుపెట్టడం మేలు. ధరా తక్కువే, వగరూ తక్కువే.