పుట్ట తవ్వి పామును చంపారు, కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: సార్, మాది నర్సంపేట దగ్గర పల్లె. పాములను, ఉడుములను చంపొద్దని పదిమంది కుర్రాళ్లం ఊరంతా తిరిగి చెబుతున్నాం. నలభై రోజుల కింద చెరువు కట్ట మీద పుట్ట తవ్వి, ముగ్గురు ఒక పామును బయటికి లాగి కర్రలతో చంపారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పసుపు కుంకుమ వేసి కట్ట కిందే పూడ్చాం. వీడియో ఉంది కానీ పాము మసకగా పడింది. పోలీసులు "పాముకు కూడా కేసా" అన్నారు. గడువు దాటిపోయిందా?

జవాబు: దాటలేదు. కానీ రెండు పేజీల ఉత్తరంలో అది ఏ పామో మీరు ఎక్కడా రాయలేదు. కేసు నిలబడాలంటే ముందు అది తేలాలి. నాగుపాము, జెర్రిపోతు, రక్తపింజర, నీరుకట్టె 2022 సవరణ తర్వాత వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూల్‌లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాతుల జాబితాలో ఉన్నాయి. వీటిని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. ఇంత శిక్ష ఉన్న నేరానికి కాలపరిమితి లేదు. రెండో షెడ్యూల్ జాతి అయితే మూడేళ్లలోపు కోర్టుకెళ్లాలి.

పసుపు కుంకుమ వేయడానికి వంగినవాళ్లు ఒక్క ఫొటో తీయలేకపోయారా? తల, పొట్ట కింది పొలుసులు, పక్కన కొలతకు ఒక అగ్గిపెట్టె పెట్టి ఫొటోలు తీసి, పామును కదపకుండా అటవీ శాఖ రేంజ్ ఆఫీసరుకు ఫోన్ చేయాల్సింది. ఎలుకలు తినే జెర్రిపోతును కూడా విషసర్పమని కొట్టేసే చోట మీలాంటి పిల్లలు కావాలి. అందుకే కోపం వస్తోంది.

వీడియో తీసిన ఫోన్ అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు. కోర్టుకు అసలు ఫైల్, దాంతోపాటు అది ఏ ఫోన్‌లోదో, ఎలా తీసిందో చెప్పే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం కావాలి. ప్రాణభయంతో చంపామని వాళ్లు వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ చాటుకు వెళ్తారు. తవ్విన పుట్ట వీడియోలో కనిపిస్తే ఆ మాట నిలవడం కష్టం.

ఇది చదవగానే పార పట్టుకుని ఎముకలు తెచ్చుకుందామనిపిస్తుంది. అస్సలు ఆ పని చేయొద్దు! వేటాడి చంపిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. ఎముకలు మీ ఇంట్లో దొరికితే, అవి సక్రమంగానే మీ దగ్గరున్నాయని రుజువు చేసుకునే భారం అదే చట్టం 57వ సెక్షన్ ప్రకారం మీదే. పైగా అవి ఆ పామువేనని ఏ కోర్టూ నమ్మదు.

రేపే రేంజ్ ఆఫీసరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. తేదీ, పూడ్చిన చోటు, కళ్లారా చూసినవాళ్ల పేర్లు రాయండి. పంచనామా చేసి తవ్వించమని, ఎముకలను హైదరాబాద్‌లో సీసీఎంబీకి చెందిన లాకోన్స్‌కు పంపమని అడగండి. డీఎన్ఏతో జాతి తేల్చే ల్యాబ్ అది. తడి మట్టిలో డీఎన్ఏ పాడవుతుంది, వానలు పడేదాకా ఆగొద్దు.

పోలీసుల మాటకు బాధపడొద్దు. ఈ చట్టం కింద కోర్టు పోలీసు చార్జిషీటు మీద కేసు తీసుకోదు, అధీకృత అధికారి ఫిర్యాదు కావాలి. అధికారి కదలకపోతే 55వ సెక్షన్ కింద ప్రభుత్వానికి 60 రోజుల నోటీసిచ్చి మీరే మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లొచ్చు. నోటీసులో జరిగిన నేరంతోపాటు, మీరు ఫిర్యాదు వేయబోతున్నారన్న మాట కూడా ఉండాలి. స్పీడ్ పోస్టు రసీదు, అందినట్టు వచ్చే రుజువు రెండూ జాగ్రత్తగా దాచండి.