వైడ్ యాంగిల్ లెన్స్ కొంటే ల్యాండ్‌స్కేప్ ఫోటోలు బాగుపడతాయా?

మీరు అడిగింది ఇది: క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉన్న) కెమెరా, దానితోపాటు వచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్స్‌తో కడప జిల్లా గండికోట లోయ, పాడేరు దగ్గరి వంజంగి కొండలు తిరిగి వచ్చారు, ఫోటోల్లో ఆ లోతూ ఆ విశాలతా రాలేదు, 10-18 ఎంఎం వైడ్ లెన్స్ కొంటే వస్తుందా, ఎడిటింగ్‌లో ఎంతవరకు సరిచేయొచ్చు అని.

లెన్స్ ఇప్పుడే కొనకండి. వైడ్ లెన్స్ (ఎంఎం అంకె తగ్గేకొద్దీ లెన్స్ వైడ్ అవుతుంది) ఎక్కువ మేరను ఫ్రేములోకి తెస్తుంది, నిజమే. కానీ అలా తేవడంలో దూరంగా ఉన్నవాటన్నిటినీ చిన్నవి చేసేస్తుంది. ఒకే చోట నిలబడి 18 ఎంఎంలో తీసిన కొండ 10 ఎంఎంలో దాదాపు సగం ఎత్తుకు పడిపోతుంది. మీ ఫోటోల్లో లోయ చిన్నగా కనిపించడమే ఇబ్బంది అయితే, ఆ లెన్స్‌తో ఇంకా చిన్నదవుతుంది. వైడ్ లెన్స్ అసలు బలం దగ్గరున్న వస్తువును పెద్దగా చూపించి, దాని వెనక దృశ్యాన్ని పరచడం. కాబట్టి దగ్గర ఏం పెట్టాలో తెలిసిన రోజే అది పనికొస్తుంది.

మాది ప్రొద్దుటూరు. గండికోట దగ్గరే కాబట్టి ఎండాకాలంలోనూ, వానలప్పుడూ, చలికాలం పొద్దున్నా చూస్తూనే ఉన్నాను. అక్కడ వ్యూపాయింట్‌లో అందరూ చేసేది ఒకటే: నిలబడి, కెమెరా కంటి దగ్గర పెట్టుకుని, ఎర్రమల కొండల మధ్య పెన్నాను నేరుగా తీయడం. ఫ్రేములో సగం ఆకాశం, మధ్యలో సన్నటి నీటి గీత, కింద ఏ పనీ లేని రాళ్లు. దీనికి బదులు ముందు ఒక రాయిని ఎంచుకోండి. పగుళ్లున్నది, లేదా అంచు లోయ వైపు తిరిగి ఉన్నది. చూపు ఆ అంచు వెంబడి నది దాకా జారాలి. ఆ రాయికి మీటరు, మీటరున్నర దూరంలోకి వెళ్లండి. మీ 18 ఎంఎం దీనికి సరిపోతుంది.

కెమెరా ఎత్తు గురించి ఒక మాట. వైడ్‌లో తీసేటప్పుడు బాగా కిందికి దించమని చాలాచోట్ల చెబుతుంటారు. చెరువు గట్టు మీదో, బీచ్‌లోనో అది బాగుంటుంది. గండికోటలో మోకాలి ఎత్తుకు దించితే ముందున్న రాయి లోయను కప్పేస్తుంది, నది కనిపించదు. ఛాతీ ఎత్తులో మొదలుపెట్టి, నీరు కనిపిస్తున్నంతవరకే కొంచెం కొంచెంగా దించండి. లోయ అంచున చాలాచోట్ల రెయిలింగ్ లేదు. వ్యూఫైండర్‌లో చూస్తూ ఒక్క అడుగు కూడా వేయకండి. ముందు కెమెరా దించండి, తర్వాతే జరగండి. దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

ఫోకస్‌కి టెన్షన్ అక్కర్లేదు. 18 ఎంఎం, ఎఫ్8 (ఈ అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది) దగ్గర 2 మీటర్ల దూరంలో ఫోకస్ పెడితే మీటరు దూరం నుంచి అవతలి కొండల దాకా షార్ప్‌గా వస్తుంది. ఎఫ్16 దాటితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం దగ్గర వెలుగు చెదరడం) వల్ల మొత్తం కొద్దిగా మెత్తబడుతుంది.

ఇక వంజంగి. అక్కడ వైడ్ లెన్స్ దాదాపు వృథా అని నా అభిప్రాయం. పొద్దున్నే మేఘాల మీద తేలే కొండల వరసలు ఒకదాని వెనక ఒకటి దగ్గరగా కనిపించాలంటే 55 ఎంఎం చివరకు వెళ్లాలి, 200 ఎంఎం లెన్స్ ఉంటే ఇంకా మంచిది. అంత అందమూ వరసల్లోనే ఉంది, 10 ఎంఎంలో అవి ఒక గీతగా మిగులుతాయి. గండికోటలో కూడా లోయ మొత్తం కావాలనిపిస్తే ఇంకో దారి ఉంది: 35 ఎంఎం దగ్గర కెమెరాను నిలువుగా పట్టుకుని, ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో పెట్టి, పక్కపక్కన ఫ్రేములు తీయండి. ప్రతి ఫ్రేములో ముందుదానిలో మూడో వంతు కలవాలి. తర్వాత వాటిని పనోరమాగా కలిపితే విశాలతా వస్తుంది, కొండలూ పెద్దగానే ఉంటాయి. పైసా ఖర్చు లేదు.

గండికోటలో సూర్యోదయం అప్పుడు సూర్యుడి వైపు తీస్తే ఆకాశం తెల్లబడుతుంది, లేదా లోయ నల్లబడుతుంది. రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపో సగమో అవుతుంది) తేడాతో మూడు ఫ్రేములు బ్రాకెట్ చేసుకోండి, అంటే ఒకటి మామూలుగా, ఒకటి చీకటిగా, ఒకటి వెలుగుగా తీసి తర్వాత కలుపుకోండి. అందరూ వెళ్లిపోయాక ఇంకాసేపు ఉండి వెనక్కి తిరిగి చూడండి. ఏటవాలు వెలుగు కోట గోడల మీదా, ఎర్ర రాళ్ల మీదా పడే ఆ కాసేపట్లో వచ్చే ఫోటోలే నాకు ఎక్కువ ఇష్టం.

ఎడిటింగ్‌కి ముందు కెమెరాలో రా (RAW) ఫార్మాట్ ఆన్ చేయండి, అది సెన్సర్ పట్టిన డేటాను ప్రాసెస్ చేయకుండా దాచే ఫైల్. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 8 బిట్లే ఉంటాయి, రాలో 12 లేదా 14 ఉంటాయి, నీడలు తెరిచేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. లైట్‌రూమ్ లేకపోతే కంప్యూటర్‌లో డార్క్‌టేబుల్ ఉచితం, ఫోన్‌లో స్నాప్‌సీడ్ చాలు.

మొదట వైట్ బ్యాలెన్స్ (ఫోటోలో పసుపు, నీలం ఛాయల పాళ్లు) చూడండి. ఆటోలో పెడితే పొద్దుటి పసుపును కెమెరా చాలాసార్లు చల్లార్చేస్తుంది. 5500 కెల్విన్ దగ్గర పెట్టి అక్కడి నుంచి సవరించుకోండి. హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) తగ్గించండి. షాడోస్ మాత్రం జాగ్రత్త. ఆ స్లైడర్‌ని చివరిదాకా లాగితే లోయలో ప్రతి రాయీ కనిపిస్తుంది, కానీ లోయ పళ్లెంలా చదునైపోతుంది. లోతు తెలిసేది నీడ వల్లే. అడుగున కొంత చీకటి ఉండనివ్వండి. మొత్తం ఫోటోకి సాచురేషన్ పెంచొద్దు, ఎర్ర రాయి నారింజ రంగులోకి పోతుంది, పొదలు మెరిసే ఆకుపచ్చ అవుతాయి. నారింజ రంగు ఒక్కదాని వెలుగును కొద్దిగా పెంచితే రాయి సహజంగానే లేస్తుంది. ఆకాశానికి గ్రేడియంట్ మాస్క్ (పైనుంచి కిందికి క్రమంగా తగ్గే సవరణ) వేసి అర స్టాప్ తగ్గించండి. డీహేజ్ (మసక తెరను తగ్గించే స్లైడర్) కొంచెం చాలు.

ఆకాశాన్ని మార్చేసే టూల్స్ నాకు నచ్చవు. సాయంత్రపు ఎర్ర మబ్బులు తెచ్చిపెడితే కింద రాళ్ల మీద మధ్యాహ్నపు ఎండ అలాగే ఉంటుంది, చూసేవాళ్లకి ఏదో తేడా తెలిసిపోతుంది. ఫ్రేము మూలల్లో వాటర్ బాటిల్, చిప్స్ ప్యాకెట్ కనిపిస్తే ఎడిటింగ్‌లో చెరపడం కంటే అక్కడే ఏరి సంచిలో వేసుకోండి.

10-18 నిజంగా అక్కరకొచ్చేది కోట లోపల. జామా మసీదు ఆవరణలోనో, మాధవరాయ ఆలయ గోపురం ముందో వెనక్కి జరగడానికి చోటు చాలనప్పుడు తెలుస్తుంది. అప్పుడు కెమెరాను పైకి వంచకండి, గోపురం వెనక్కి వాలినట్టు వస్తుంది. కెమెరాను సమంగా పట్టుకుని, కింద అనవసరమైన నేలను తర్వాత క్రాప్ చేయండి. హైదరాబాద్, బెంగళూరుల్లో ఈ లెన్సులు రోజు లెక్కన అద్దెకు దొరుకుతాయి. ఒక వారాంతం తెచ్చుకుని వాడండి. ముందున్న రాయి కోసం మీరే వెతకడం మొదలుపెడితే, అప్పుడు కొనండి.