ఆయా నుంచి టీచర్ ప్రమోషన్: ఆఖరు తేదీ నాటికి మీ ఇంటర్ మెమో ఆఫీసు కాగితాల్లో ఉందా?

ప్రశ్న: సార్, నేను 2012 నుంచి అంగన్‌వాడీలో ఆయాగా చేస్తున్నా. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఓపెన్‌లో టెన్త్, తర్వాత ఇంటర్ రాసి పోయినేడు జూన్‌లో పాసయ్యాను. మా సెంటర్ టీచర్ ఆ ఏడే ఏప్రిల్‌లో రిటైర్ అయ్యింది. ఆ పోస్టు నీకే వస్తుంది, ప్రమోషన్‌కి అప్లై చెయ్యక్కర్లేదు అని సూపర్‌వైజర్ మేడం చెప్పారు. ఆరు నెలలు సెంటరంతా నేనే నడిపాను. ఆగస్టులో నోటిఫికేషన్ వచ్చింది, అక్టోబర్‌లో మా వీధి అమ్మాయిని డైరెక్టుగా టీచర్‌గా వేశారు. ప్రజావాణిలో మూడుసార్లు అర్జీ ఇచ్చా, జవాబు లేదు. ఇప్పుడు ఒకాయన పాత తేదీ వేసి నా అప్లికేషన్ ఆఫీసుకి అప్పుడే వచ్చినట్టు ఇన్‌వర్డ్ చేయిస్తా, నలభై వేలు ఇమ్మంటున్నాడు. నాకు న్యాయం జరుగుతుందా సార్? - తెలంగాణ నుంచి ఒక ఆయా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం ఏడు పేజీలు ఉంది. ఆరు పేజీలు సెంటర్లో మీరు పడ్డ కష్టమే రాశారు, పొద్దున్నే పిల్లల్ని ఇళ్ళకెళ్ళి తీసుకురావడం, ఆరోగ్యలక్ష్మి భోజనం వండటం, గుడ్లు ఉడకబెట్టి లెక్క చూసుకోవడం, బాలామృతం ప్యాకెట్లు పంచడం, కొత్తగా వచ్చిన అమ్మాయికి పిల్లల పేర్లు కూడా తెలియకపోవడం. అవన్నీ నిజమేనని నేను నమ్ముతా, కానీ హైకోర్టులో మీ కేసు ఆ ఆరు పేజీల మీద నిలబడదు. జడ్జిగారు ఒక్కటే అడుగుతారు, నోటిఫికేషన్లో ఇచ్చిన ఆఖరు తేదీ నాటికి టీచర్ పోస్టుకి కావాల్సిన ఇంటర్ మీకు ఉందా, ఉన్నట్టు ఆఫీసుకి తెలిసిందా, తెలిసినట్టు కాగితం ఏది అని. మీ కేసు మొత్తం ఆ కాగితం దగ్గరే తేలుతుంది.

మొదటి సగం మీకే అనుకూలంగా ఉంది. మీరు పంపిన మెమో జిరాక్స్ మడతలు పడి సగం చెరిగిపోయింది గానీ మూలన పరీక్ష నెల, సంవత్సరం కనిపిస్తున్నాయి, రిజల్ట్ జూన్‌లోనే వచ్చింది, నోటిఫికేషన్ ఆగస్టులో వచ్చింది. ఇది తారుమారు అయ్యుంటే, అంటే ముందు ఆఖరు తేదీ దాటి తర్వాత రిజల్ట్ వచ్చుంటే, కేసు వద్దని నేనే చెప్పేవాణ్ణి, ఎందుకంటే అర్హతని ఆఖరు తేదీ నాటికే చూడాలి, ఆ తర్వాత వచ్చిన అర్హత లెక్కలోకి రాదు అని సుప్రీంకోర్టు 1997లో అశోక్ కుమార్ శర్మ కేసులో తేల్చేసింది. మీకు ఆ ఇబ్బంది లేదు.

రెండో సగం దగ్గరే మీరు దెబ్బతిన్నారు. మేడం నోటిమాట నమ్మి అప్లై చెయ్యలేదు. మెమో జిరాక్స్ సూపర్‌వైజర్ పెట్టే సెక్టార్ మీటింగ్‌లో ఆమె చేతికిచ్చి, ముట్టినట్టు ఒక సంతకం కూడా తీసుకోకుండా ఇంటికొచ్చేశారు. పన్నెండేళ్ళు ప్రతి గుడ్డుకీ, ప్రతి కిలో బియ్యానికీ రిజిస్టర్‌లో లెక్క రాసే సెంటర్లో పనిచేసిన మనిషి మీ బతుకు మారే కాగితానికి లెక్క రాసుకోలేదు అంటే నాకు కోపం వచ్చింది, దాచను. ప్రమోషన్ ఆటోమేటిక్‌గా వస్తుంది అనే మాట నేను చాలామంది ఆయాల నోట విన్నా. ఎక్కడా ఆటోమేటిక్ లేదమ్మా. కేంద్రం 2022 ఆగస్టులో ఇచ్చిన సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0 గైడ్‌లైన్స్‌లో టీచర్ పోస్టుల్లో 50 శాతం ఐదేళ్ళ అనుభవం ఉన్న ఆయాలకి ప్రమోషన్ మీద ఇవ్వాలని ఉంది, నిజమే. అంతమాత్రాన మీ సెంటర్లో ఖాళీ అయిన ఆ కుర్చీ మీదే అని కాదు, మీ పేరుని పరిశీలించమని అడిగే హక్కు మీకుంది అని అర్థం. ఆ పరిశీలన జరిగిందా లేదా అన్నదే మన వాదన. ఆఫీసువాళ్ళు మాత్రం ఒకే లైను రాస్తారు, పిటిషనర్ అప్లై చేయలేదు, ఆమె క్వాలిఫికేషన్ మా రికార్డులో లేదు అని. ఆ లైనుకి మన దగ్గర జవాబుండాలి.

ఇంకోటి, ఆరు నెలలు సెంటర్ నేనే నడిపాను అని మీరు గట్టిగా పట్టుకున్నారు కదా, దాన్ని వదిలెయ్యండి. ఇన్‌ఛార్జిగా చేస్తే పోస్టు మీద హక్కు రాదు. పైగా ఆ ఆరు నెలలూ సెంటర్ వివరాలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎంట్రీలన్నీ పాత టీచర్ లాగిన్‌తోనే కొట్టానని మీరే రాశారు, అంటే రికార్డు ప్రకారం ఆ పని మీరు చేసినట్టే లేదు. ఎవరి లాగిన్‌తో పడితే వాళ్ళ లాగిన్‌తో ఎంట్రీలు కొట్టడం ఇక మానండి, ఎవరు చెప్పినా సరే.

సరే, సాక్ష్యం సంగతి. ఏడో పేజీలో కింద, సంతకం పైన, మీరు ఒక్క వాక్యం మామూలుగా రాసి వదిలేశారు. పాసైన రోజు మెమో ఫోటో సెక్టార్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాను, అందరూ కంగ్రాట్స్ అన్నారు, మేడం కూడా పువ్వు బొమ్మ పెట్టింది అని. అమ్మా, మీ ఏడు పేజీల్లో నాకు కావాల్సింది ఈ వాక్యమే. నోటిఫికేషన్‌కి రెండు నెలల ముందే మీరు ఇంటర్ పాసైన సంగతి ఆఫీసు మనిషికి తెలుసు అనడానికి తేదీ, టైముతో సహా ఉన్న ఆధారం అది. స్క్రీన్‌షాట్ తీసి ప్రింట్ కొడితే చాలదు. అసలు ఫోన్ అలాగే ఉండాలి, చాట్ అలాగే ఉండాలి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచెయ్యాలి, అది లాయర్ చూసుకుంటారు. ఆ గ్రూప్‌లో ఉన్న ఇంకో ఇద్దరు ఆయాలని వాళ్ళ ఫోన్లలో కూడా ఆ మెసేజ్ తీసెయ్యొద్దని చెప్పండి. ఇంకా ఓపెన్ ఇంటర్ పరీక్షలకి మీరు లీవ్ పెట్టుంటారు, ఆ లీవ్ లెటర్ మీద శాంక్షన్ అని ఎవరి సంతకమైనా ఉంటే మీరు చదువుతున్నట్టు ఆఫీసుకి తెలుసు అనడానికి అది ఇంకో ఆధారం. సెక్టార్ మీటింగ్ మినిట్స్‌లో మీరు మెమో ఇచ్చినట్టు ఒక్క ముక్క రాసున్నా సరే.

ఇక ఆ నలభై వేల మనిషి. అతని మాట వింటే నష్టం పోస్టు పోవడంతో ఆగదు, జైలు దాకా వెళ్తుంది. ఇన్‌వర్డ్ రిజిస్టర్లో ప్రతి కాగితానికీ వరస నంబర్ ఉంటుంది, ఆగస్టులో 412 తర్వాత 413 ఉంటే మధ్యలో మీ కాగితం ఎక్కడ దూర్చుతాడు? 412/ఎ అని రాస్తాడు, లేదా పేజీ చివర ఇరికిస్తాడు, అవతలి లాయర్ ఆ పేజీ కాపీ తెప్పించి జడ్జి ముందు పెడితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. అప్పుడు అది మీరు సృష్టించిన దొంగ కాగితం అవుతుంది, భారతీయ న్యాయ సంహితలో ఫోర్జరీకి 336, దొంగ కాగితం వాడినందుకు 340 సెక్షన్లు, మోసం కింద 318 కూడా. ఆఫీసులో వాళ్ళకి డబ్బు ముట్టచెప్తే ఇచ్చినవాళ్ళూ నేరస్తులే, 2018లో అవినీతి నిరోధక చట్టం మార్చాక 8వ సెక్షన్ కింద లంచం ఇచ్చినవాళ్ళకి ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. బలవంతంగా ఇవ్వాల్సి వచ్చినవాళ్ళు కూడా ఏడు రోజుల్లోగా పోలీసులకో ఏసీబీకో చెప్తేనే ఆ సెక్షన్ నుంచి బయటపడతారు. మీ దగ్గర నిజమైన సాక్ష్యం వాట్సాప్‌లో ఉంది, దాని పక్కన ఈ దొంగ ఇన్‌వర్డ్ పెడితే నిజమైనదాన్ని కూడా ఎవరూ నమ్మరు. అతను ఆఫీసు మనిషే అయితే ఏసీబీ నంబర్ 1064కి ఫోన్ చెయ్యండి. కాకపోతే మళ్ళీ అతని ఫోన్ ఎత్తకండి.

ఇప్పుడు గడువు. రిట్, అంటే ప్రభుత్వ ఆఫీసు మీద హైకోర్టులో వేసే పిటిషన్, వెయ్యడానికి కేసుల గడువులు చెప్పే లిమిటేషన్ చట్టంలో ఇన్ని రోజులని లేదు, అందుకే చాలామంది తాపీగా తిరుగుతుంటారు. కానీ ప్రమోషన్‌లో తనకి అన్యాయం జరిగిందనే మనిషి ఆరు నెలల్లో, మహా అయితే ఏడాదిలో కోర్టుకి రావాలని సుప్రీంకోర్టు సదాశివస్వామి కేసులో చెప్పింది, అది 1974 నాటి మాట, ఇవాళ్టికీ ప్రభుత్వ లాయర్లు మొదట తీసేది అదే. కొత్త టీచర్ చేరింది అక్టోబర్‌లో, ఇప్పుడు జులై, అంటే పదో నెల నడుస్తోంది. మీరేమో ప్రజావాణిలో అర్జీలిచ్చాను కదా టైము ఆగుతుంది అనుకుంటున్నారు. ఆగదు. అర్జీ మీద అర్జీ పెడితే ఆలస్యం మాఫీ కాదని, పాత విషయం మీద ఎప్పుడో అర్జీ పెట్టి దానికి జవాబు వచ్చినంత మాత్రాన కేసు కొత్తగా పుట్టదని సి. జాకబ్ కేసులో 2008లోనే చెప్పారు. నాలుగో అర్జీ ఆలోచన మానండి. ఆ మూడు అర్జీల రసీదులు మాత్రం దాచండి, అవి మీరు ఊరికే కూర్చోలేదని చెప్పడానికి పనికొస్తాయి.

చెయ్యాల్సింది చెప్తా. ఈ వారంలోనే మీ ప్రాజెక్టు అధికారి, అంటే సీడీపీఓ ఆఫీసుకీ, జిల్లా సంక్షేమాధికారి ఆఫీసుకీ సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఆ నోటిఫికేషన్లో ఏ ఖాళీ ప్రమోషన్ కోటా, ఏది డైరెక్టు అని చూపించే కాగితం, ప్రాజెక్టులో ఆయాల సీనియారిటీ లిస్టు, సెలక్షన్ కమిటీ మినిట్స్, ఆగస్టు నెల ఇన్‌వర్డ్ రిజిస్టర్ పేజీలు, మీ సొంత ఫైలు మొత్తం, ఇవి అడగండి, ఎందుకు వెయ్యలేదు, ఎవరు మోసం చేశారు లాంటి ప్రశ్నలు అడగొద్దు, వాటికి జవాబివ్వక్కర్లేదు అని తిప్పి పంపుతారు. తెల్లకార్డు జిరాక్స్ పెడితే ఫీజు లేదు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి, డెలివరీ అయినట్టు ట్రాకింగ్ పేజీ ప్రింట్ తీయండి. 30 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే ఇంకో 30 రోజుల్లో మొదటి అప్పీలు. కానీ ఆ కాగితాలు వచ్చాకే రిట్ వేద్దామని కూర్చోకండి, ఆగస్టు చివరికల్లా రాకపోతే ఉన్నవాటితోనే వేసి రికార్డు తెప్పించమని కోర్టునే అడగాలి.

రిట్ హైదరాబాద్‌లో హైకోర్టులోనే. అంగన్‌వాడీ వాళ్ళవి ప్రభుత్వ సివిల్ పోస్టులు కావని అమీర్బి కేసులో 2006లోనే సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ప్రభుత్వ ఉద్యోగుల సర్వీస్ రూల్స్ మాకూ వర్తిస్తాయి అనే వాదన వద్దు, గైడ్‌లైన్స్ పెట్టుకున్న డిపార్ట్‌మెంటే వాటిని ఎందుకు పాటించలేదు, పక్క మనిషిని చూసి నన్ను ఎందుకు చూడలేదు అని రాజ్యాంగంలో అందరూ సమానమని చెప్పే 14వ ఆర్టికల్ కింద అడగాలి. ఖర్చు భయం మీకు అక్కర్లేదు, ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్ళకి ఉచిత న్యాయ సహాయం 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్లోనే ఉంది, హైకోర్టులో దానికి వేరే కమిటీ ఉంది, 15100కి ఫోన్ చేస్తే దారి చెప్తారు.

మా వీధి అమ్మాయి, ఆమెని కేసులోకి లాగొద్దు సార్ అని రాశారు. మీ మంచితనం నాకు అర్థమైంది కానీ ఆ నియామకం రద్దు చెయ్యమని అడుగుతూ ఆమెని పార్టీ చెయ్యకపోతే రిట్ అక్కడే పోతుంది, ప్రబోధ్ వర్మ కేసు 1984 నుంచి ఇది మారలేదు. మీకు ఇష్టం లేకపోతే ఇంకో దారుంది, నాకైతే అదే మంచిదనిపిస్తోంది. మీ సాక్ష్యం ఆమెని దింపేంత గట్టిది కాదు, అప్లికేషన్ పెట్టకపోవడం మీకు అడ్డమే. కాబట్టి నా అర్హతని రికార్డులో ఎక్కించి, సీనియారిటీ ప్రకారం వచ్చే ప్రమోషన్ కోటా ఖాళీలో నన్ను పరిశీలించమని ఆదేశించండి అని అడగండి. అలా అడిగితే మీ వీధి అమ్మాయి జోలికి పోనక్కర్లేదు, కోర్టు కూడా తేలిగ్గా వింటుంది. 2021లో పెంచాక ఆయాకి 7,800, టీచర్‌కి 13,650, తేడా నెలకి 5,850 రూపాయలు. దాని కోసం ఒక ఏడాది ఆగాల్సొచ్చినా ఆగొచ్చు. టీచరయ్యాక ఐదేళ్ళకి సూపర్‌వైజర్ పోస్టుల్లో సగం కూడా ప్రమోషన్ మీదే అని అవే గైడ్‌లైన్స్‌లో ఉంది, మిగతా అర్హతలుంటే. మీరు ఇంటర్ దగ్గర ఆగొద్దు, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీకి ఇప్పుడే చేరండి, అంగన్‌వాడీ పిల్లలకి చదువు చెప్పడం మీద ఇచ్చే పోషణ్ భీ పఢాయి భీ ట్రైనింగ్ వచ్చినప్పుడు మీకూ అవకాశం ఇమ్మని రాసివ్వండి. రాసిచ్చిన ప్రతిదానికీ రెండో కాపీ మీద ముట్టింది అని సంతకం, తేదీ తీసుకోండి, సంతకం పెట్టం అంటే అదే కాగితం స్పీడ్ పోస్టులో పంపండి.

ఒక్క జాగ్రత్త ముందే చెప్తా. రేపు ఆర్డర్ వచ్చినప్పుడు ఆయా పోస్టుకి రాజీనామా రాసి టీచర్‌గా జాయినవ్వమని ఎవరైనా అంటే రాయకండి. అంగన్‌వాడీ టీచర్లకీ ఆయాలకీ గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 25న మణిబెన్ కేసులో చెప్పింది, 2012 నుంచి ఉన్న మీ సర్వీసు ఒక్క రాజీనామా కాగితంతో తెగిపోకూడదు. ప్రమోషన్ మీద జాయినింగ్ రిపోర్ట్ అని రాయండి, రాజీనామా అనే మాట ఎక్కడా ఉండకూడదు.

వచ్చే సోమవారం ప్రజావాణికి పోకుండా మండల లీగల్ సర్వీసెస్ కమిటీకి పొండి. ఒరిజినల్ మెమో, ఆయాగా చేరినప్పటి ఆర్డర్, నోటిఫికేషన్ కాపీ, అర్జీల రసీదులు తీసుకెళ్ళండి. ఫోన్ కూడా. దాని డిస్‌ప్లే పగిలింది, కొత్తది కొందామనుకుంటున్నా అని రాశారు, కొనుక్కోండి, కానీ పాతదాన్ని ఎక్స్చేంజ్‌కి ఇవ్వకండి, రీసెట్ చెయ్యకండి, పిల్లల చేతికి కూడా ఇవ్వకండి.