వీపింగ్ విల్లోను సెప్టిక్ ట్యాంకు దగ్గర నాటవద్దు

ఒక కుంట గట్టు కూడా ఉందని చెబుతూ, అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉన్న మీ ఎకరం పెరట్లో, సెప్టిక్ ట్యాంకు పక్కన ఎప్పుడూ తడిగా ఉండే చోట వీపింగ్ విల్లో (కొమ్మలు కిందికి వేలాడే చెట్టు) నాటవచ్చా అని అడిగారు. అక్కడ మాత్రం వద్దు. దీని వేళ్లు నీటిని వెతుక్కుంటూ కొమ్మల నీడను దాటి చాలా దూరం పాకి, పైపుల అతుకుల్లోని పగుళ్లలోకి చొరబడి వాటిని పూడ్చివేస్తాయి కనుక, ఇంటికీ, పైపులకూ, ట్యాంకుకూ కనీసం 50 అడుగుల ఎడం ఉంచాలి. మీరు చెప్పిన కుంట గట్టుకు బాగా ఎండ తగిలేటట్లయితే అదే సరైన చోటు. వసంతారంభంలో, చిగుళ్లు రాకముందే, పెన్సిలు మందపు కొమ్మను అడుగు పొడవున కోసి సగానికి పైగా తడి మట్టిలో గుచ్చితే సులువుగా వేళ్లు పడతాయి. పెద్ద మొక్క కొనడం నా దృష్టిలో దండగ. మొదటి రెండు వేసవుల్లో మట్టిని ఆరనివ్వకండి. కలప పెళుసుగా ఉండి గాలివానకు కొమ్మలు విరిగిపడతాయి కనుక, కారు నిలిపే చోటికి కూడా దూరంగానే నాటండి.