మున్సిపాలిటీ ఉద్యోగంలో ఉండి రచయితలకు, పాఠకులకు ఏమైనా చేయవచ్చా?

కొత్తగా పురపాలక సంఘంలో చేరానని, సాహిత్యమంటే ఇష్టమని, ఉద్యోగంలో ఉంటూ ఏమైనా చేయడం కుదురుతుందా అని అడిగారు. కోస్తాలో ఒక పట్టణంలో రెవెన్యూ విభాగంలోనూ, తర్వాత అకౌంట్స్‌లోనూ పనిచేసి రిటైరైనవాణ్ణి. నిక్షేపంగా చేయవచ్చు. కాకపోతే అందులో ఎక్కువ పని రిజిస్టర్ల దగ్గరే ఉంటుంది.

ఊళ్లో గ్రంథాలయం మున్సిపాలిటీదే అనుకుంటారు చాలామంది. అది 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం జిల్లా గ్రంథాలయ సంస్థ కింద ఉంటుంది. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు వసూలు చేసి ఆ సంస్థకు పంపడం మన వంతు. 3,000 రూపాయల పన్ను కట్టే ఇంటి నుంచి వచ్చేది 240 రూపాయలు. పంచాయతీల్లోనూ ఇదే పద్ధతి.

మా దగ్గర ఆ సొమ్ము సాధారణ నిధుల్లోనే పడేది. నెలాఖరున పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, కరెంటు బిల్లులు మీద పడితే అందరి చూపూ దానివైపే. ‘వచ్చే నెల సర్దుదాంలే’ అని ఫైలు పక్కన పెట్టేవాళ్లం. అలా పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, దాచడం ఎందుకు.

ఒక సాయంత్రం గ్రంథాలయానికి వెళితే బల్ల మీద వారం కిందటి దినపత్రికలు కనిపించాయి. బాకీ తీరేదాకా పేపరు వేయనన్నాడట ఏజెంటు. రోజూ వచ్చే పెద్దాయన ఒకరు ఆ పాత పేపరునే మడత విప్పి చిన్న ప్రకటనలతో సహా చదువుతున్నారు. ఫైలు ఎవరి దగ్గర ఆగిందో లైబ్రేరియన్‌కు తెలుసు. ఒక్క మాటా అనకుండా “కూర్చోండి సార్” అని కుర్చీ జరిపాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారు తదితరులు బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టేనాటికి సెస్సు అనే మాటే లేదు, గ్రంథాలయాలకు చందాలే ఆధారం. ఇప్పుడు ఆ చందానే జనం పన్నుతో కలిపి మన చేతిలో పెడుతున్నారు. మర్నాడు కమిషనర్‌గారికి నోట్ పెట్టాను: ఇకపై వసూలైన సెస్సు ఏ నెలకానెల వెళ్లాలి, పాత బకాయి వాయిదాల్లో తీర్చాలి. మొత్తం ఒకేసారి అని ఉంటే ఆ కాగితం కదిలేదే కాదు. వాయిదాలు మాత్రం నేను రిటైరయ్యేనాటికీ పూర్తి కాలేదు.

ఇక రచయితలు. ఏటా ఉగాదికి సన్మానం చేసేవాళ్లం. ఒకసారి ఆహ్వానపత్రిక ఇవ్వడానికి మా ఊరి కథారచయిత ఇంటికి వెళ్లాను. సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్న పుస్తకాలు కట్టలు కట్టి మంచం కింద ఉన్నాయి. చెమ్మ తగలకుండా వాటి కింద పరిచినవి మేం కప్పిన శాలువాలే. “మీ శాలువాలు బాగా పనికొస్తున్నాయండీ” అన్నారాయన, వెటకారమేమీ లేకుండా.

మరుసటి ఏడాది సన్మానం ఖర్చు తగ్గించి స్థానిక రచయితల పుస్తకాలు కొందామంటే ‘ఏ పద్దు కింద?’ అన్న ప్రశ్న వచ్చింది. ఆడిట్‌వాళ్లకు సమాధానం చెప్పాలిగా! చివరకు ఆగస్టు 15న మున్సిపల్ పాఠశాలల పిల్లలకిచ్చే బహుమతుల పద్దు దొరికింది. స్టీలు గిన్నెల బదులు కథల పుస్తకాలు అని కౌన్సిల్ తీర్మానంలో ఒక్క వాక్యం రాయించాం. గిన్నెలే నయం అన్న తల్లులూ లేకపోలేదు.

పుస్తకావిష్కరణలకు సమావేశ మందిరం ఇప్పించడం తేలికే. ఆదివారం తాళం తీసే మనిషిని ఒప్పించడమే కష్టం.

మీరు ముందుగా డీసీబీ రిజిస్టరులో, అంటే పన్నుల డిమాండు, వసూలు, బాకీ రాసే పుస్తకంలో, గ్రంథాలయ సెస్సు చూడండి. వసూలు ఎంత, సంస్థకు వెళ్లింది ఎంత? తేడా కనిపిస్తే ఆ సాయంత్రమే మీ ఊరి గ్రంథాలయంలో పేపర్ల బల్ల దాకా వెళ్లి రండి. నోట్ మర్నాడు రాయవచ్చు.