అమ్ములూ, ఆదివారం తొట్టి కడగొద్దు

రాజమండ్రి

అమ్ములూ,

నువ్వు రెండడుగుల చేపల తొట్టికి అడ్వాన్సు ఇచ్చొచ్చావనీ, వచ్చే శనివారం తొట్టీ చేపలూ ఒకేసారి ఇంటికి వస్తాయనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తొట్టి రానీ. చేపల్ని మాత్రం ఆపు. షాపతనికి ఇవాళే ఫోన్ చేసి, చేపలు నెల తర్వాత తీసుకుంటానని చెప్పేసెయ్. మిగతా ఉత్తరం తీరిగ్గా చదువుకోవచ్చు.

సంతోషం లేక కాదమ్మా. మీ తరంలో ఒక్కళ్లయినా ఈ పిచ్చి పట్టించుకున్నారని మీ అత్తయ్యకి నాలుగుసార్లు చెప్పుకున్నాను, ఐదోసారికి విసుక్కుంది. కానీ ఇంట్లో నాలుగేళ్ల పిల్లాడు, అరవై లీటర్ల నీళ్లు, పక్కనే ప్లగ్గులు. ముప్పయ్యేళ్లు కరెంటు పని చేసినవాణ్ణి. నాకు చేపల కంటే ముందు వైర్లు కనపడతాయి. కాబట్టి అక్కణ్ణుంచే మొదలెడతాను.

తొట్టిలోంచి వచ్చే ఏ వైరూ తిన్నగా సాకెట్‌లోకి వెళ్లకూడదు. సాకెట్ కంటే జానెడు కిందికి వేలాడి, మళ్లీ పైకెక్కాలి. వైరు వెంట జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గర నేలమీద పడిపోతుంది, ప్లగ్గు దాకా రాదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు నేలమీద వద్దు, తొట్టి కిందా వద్దు. పక్క గోడకి, తొట్టి అంచు కంటే ఎత్తులో బిగించు. మీ మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, ఉందేమో చూడు. దాని మీది టెస్ట్ బటన్ నొక్కితే ఠక్కున కరెంటు పోవాలి. ఎంసీబీ ఉందిగా అనొద్దు, అది వైరును కాపాడేది, మనిషికి షాక్ కొడితే దానికి తెలియదు. నీళ్లలో చెయ్యి పెట్టేముందు అన్ని ప్లగ్గులూ పీకెయ్. స్విచ్ ఆపడం చాలదు. హీటరుని పావుగంట ముందే ఆపాలి, లేకపోతే నీళ్లు దిగగానే వేడి గాజుగొట్టం పగులుతుంది. ఎయిర్ పంపు నీటిమట్టం కంటే పైన ఉండాలి. కింద ఉంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి పంపులోకి దిగుతాయి. ఎత్తు కుదరకపోతే గొట్టానికి నాన్-రిటర్న్ వాల్వ్ వేయించు.

ఇక బరువు. 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తు అంటే అంచుదాకా 70 లీటర్లు. ఇసుక, పైన వదిలే ఖాళీ పోగా 55 నుంచి 60 లీటర్లు నిలుస్తాయి. గాజూ ఇసుకా కలిపితే స్టాండు కాక 80 కిలోలు దాటుతుంది. మీ ఆయన్ని రాత్రీ పగలూ బల్లమీద నిలబెట్టినట్టన్నమాట. టీవీ బల్ల ఆగదు. నాలుగు కాళ్లూ సమంగా ఆనే ఇనుప స్టాండు తీసుకుని గోడకి బిగించు, పిల్లాడు పట్టుకుని ఊగుతాడు. తొట్టి కింద అరంగుళం థర్మకోల్ షీటు వెయ్యి, ఒక్క చిన్న రాయి ఉన్నా అడుగు గాజు అక్కడే చిట్లుతుంది. ముందుగా బాల్కనీలో కింద పాత పేపర్లు పరిచి, నిండా నీళ్లు పోసి రెండు రోజులు ఉంచు. పేపరు తడిస్తే తిరిగి ఇచ్చెయ్.

ఈశాన్యంలోనే పెట్టాలని మీ అత్తగారు అంటారు. పెట్టు, గొడవెందుకు. కానీ ఆ మూల తూర్పు కిటికీ ఉంటే పొద్దుటెండ పడి రెండు వారాల్లో అద్దమంతా పచ్చగా నాచు పడుతుంది. మందపాటి తెర వేసుకో.

అడుగున 2 నుంచి 4 మిల్లీమీటర్ల నది ఇసుక, రెండంగుళాల మందం. 13 కిలోలు పడుతుంది. రంగు రాళ్లు, గవ్వలు వద్దు. నిమ్మరసం పిండితే నురగ వచ్చే రాయి ఏదైనా సున్నపురాయే, నీళ్లలో సున్నం పెంచి వాటిని ఇంకా గట్టిపరుస్తుంది. మీ హైదరాబాదు నిజాంపేటలో బోరు నీళ్లు అసలే గట్టివి.

లైటు మామూలు ఎల్‌ఈడీ చాలు, రోజుకి ఏడు గంటలు, టైమర్ మీద. హీటరు 50 వాట్లది, డిసెంబరు, జనవరి రాత్రులకే. 26 డిగ్రీల దగ్గర పెట్టు.

ఫిల్టరు దగ్గరే నీకు షాపులో నాలుగు రకాలు చూపిస్తారు. స్పాంజ్ ఫిల్టరే తీసుకో. చూడ్డానికి అందంగా ఉండదు, మూల ఒక నల్లటి బుడగల గొట్టం. కానీ ఎయిర్ పంపు తినేది మూడు నుంచి ఐదు వాట్లే. ఇన్వర్టర్ మీద వేస్తే రాత్రంతా కరెంటు లేకపోయినా ఆడుతూనే ఉంటుంది. పైగా ఆ స్పాంజ్‌లోనే మొత్తం తొట్టి ప్రాణం ఉంటుంది. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

మన ఇళ్లలో ఆదివారం అంటే తలంట్లు, దుప్పట్లు ఉతకడం, తొట్టి కడగడం. చేపల్ని బకెట్లోకి తీసి, నీళ్లన్నీ పారబోసి, ఇసుకను బియ్యం కడిగినట్టు తేటపడేదాకా కడిగి, స్పాంజ్‌ని కొళాయి కింద పెట్టి గోధుమరంగు మురికి మొత్తం పోయేలా పిండి, కొత్త నీళ్లు నింపి చేపల్ని వదలడం. నేనూ రెండేళ్లు అదే చేశాను. తొట్టి అద్దంలా మెరిసేది. బుధవారానికి ఒక చేప, శుక్రవారానికి ఇంకొకటి. చచ్చేకొద్దీ ఇంకా శుభ్రంగా కడిగేవాణ్ణి.

ఆ గోధుమరంగు జిగురు మురికి కాదు తల్లీ. చేప తిన్నదాంట్లోంచి వచ్చే అమ్మోనియా ఎక్కువగా మొప్పల్లోంచే నీళ్లలోకి పోతుంది. దానికి రంగు లేదు, ఆ మోతాదులో వాసనా తెలియదు. తేటగా కనపడే నీళ్లలోనే చేప మొప్పలు కాలిపోతుంటాయి. స్పాంజ్ జిగురులో ఉండే ఒక రకం బ్యాక్టీరియా ఆ అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. చేప రక్తం చాక్లెట్ రంగుకి తిరిగి ప్రాణవాయువుని మోయలేకపోతుంది. బుడగలు బుడబుడా వస్తున్నా చేప పైకొచ్చి నోరు తెరుస్తుంటుంది చూడు, అది చాలాసార్లు ఇదే. ఇంకో రకం బ్యాక్టీరియా నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్‌తో పెద్ద ప్రమాదం లేదు. కొంత మొక్కలు తింటాయి, మిగతాది వారం వారం నీళ్లు మార్చినప్పుడు పోతుంది.

చిక్కల్లా ఈ బ్యాక్టీరియా నత్తనడక. పాలు విరిచే సూక్ష్మజీవులు గంటలోపే రెట్టింపవుతాయి, వీటికి దాదాపు ఒక రోజు పడుతుంది. కొళాయి నీళ్లలో క్లోరిన్ కలిపేదే క్రిములు చావడానికి. మంచి క్రిమి, చెడ్డ క్రిమి అని అది చూడదు. స్పాంజ్‌ని కొళాయి కింద పిండావంటే తోడుగిన్నెని వేణ్ణీళ్లతో కడిగేసి, రేపు పెరుగు ఎలా వస్తుందా అని కూర్చున్నట్టే. అందులో మీ బోరు నీళ్ల పీహెచ్, అంటే పులుపు-క్షారం కొలత, 8 దగ్గరుంటే, అదే అమ్మోనియా 7 దగ్గరున్న నీళ్లలో కంటే సుమారు పదిరెట్లు ఎక్కువ విషం. ఎండాకాలం వేడికి అది ఇంకా పెరుగుతుంది.

కొత్త తొట్టికీ ఇదే లెక్క. కొత్త స్పాంజ్‌లో ఏమీ ఉండదు. తోడు వెయ్యని పాలు. అందుకే చేపల్ని ఆపమన్నాను. తొట్టి నింపు. బోరు నీళ్లయితే ఒక రోజంతా గాలి కొట్టించు. మున్సిపాలిటీ నీళ్లయితే సీసా మీద రాసిన కొలతకి యాంటీక్లోరిన్ చుక్కలు వెయ్యి. ట్యాంకరు నీళ్లకీ వెయ్యి, ఎక్కడివో వాళ్లకే తెలియదు. ఫిల్టరు రాత్రీ పగలూ నడవనీ. చేపలు లేకపోయినా రోజూ రెండు వేళ్లకి వచ్చినంత మేత వెయ్యి, అది కుళ్లితే అమ్మోనియా వస్తుంది. చుక్కల టెస్ట్ కిట్ కొనుక్కో, కాగితం పట్టీలు నమ్మకు. మొదట అమ్మోనియా పెరుగుతుంది. రెండు మూడు వారాలకి అది దిగుతూ నైట్రైట్ పెరుగుతుంది. మేత పడుతూనే ఉన్నా అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ కాస్త కనపడితే చేపలకి తలుపు తీసినట్టే. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. మధ్యలో నీళ్లు మజ్జిగలా తెల్లబడితే కంగారుపడి పారబొయ్యకు, దానంతటదే తేరుకుంటుంది.

చేపలొచ్చాక వారానికి పాతిక శాతం నీళ్లు, అంటే ఒక బకెట్, సైఫన్ పైపుతో అడుగున మడ్డి లాగుతూ తియ్యి. నెలకోసారి స్పాంజ్‌ని ఆ తీసిన బకెట్ నీళ్లలోనే రెండుసార్లు పిండి పెట్టెయ్. తెల్లబడేదాకా పిండకు. కొత్త నీళ్లు గోరువెచ్చగా, తొట్టి వేడికి సరిపోయేలా చూసుకో.

ఈ నెలంతా పిల్లాడు "చేపలేవీ" అని ప్రాణం తీస్తాడు. మొక్కలు వాడిచేత నాటించు. వెనకాల వాలిస్నేరియా. గట్టి నీళ్లంటే దానికి ఇష్టం, వేళ్లు పూడ్చు, మొదలు మాత్రం ఇసుకపైనే ఉండాలి. అనుబియాస్, జావా ఫెర్న్‌లకి అల్లంకొమ్ము లాంటి దుంప ఉంటుంది. దాన్ని ఇసుకలో పూడ్చితే కుళ్లుతుంది, రాయికి నూలు దారంతో కట్టు. హార్న్‌వర్ట్ ఒక గుప్పెడు పైన తేలనీ, కొత్త తొట్టిలో అమ్మోనియా పీల్చేది అదే. మొదటి పక్షంలో ఆకులు కరిగిపోతే మొక్క పీకెయ్యకు, నీ నీళ్లకి అలవాటుపడి కొత్తాకు వేస్తుంది. తెచ్చిన రోజే లేత గులాబీ రంగు పర్మాంగనేట్ నీళ్లలో పది నిమిషాలు ముంచి కడిగితే నత్తగుడ్లు కొన్నయినా పోతాయి.

చేపలు: ముందు ఆరు గప్పీలు, అన్నీ మగవే. ఆడ గప్పీ షాపులోనే కడుపుతో ఉంటుంది. మగది లేకపోయినా నెలనెలా ఇరవై, ముప్ఫై పిల్లల్ని పెడుతూ పోతుంది. రెండు వారాలాగి, టెస్టు సున్నా చూపిస్తే ఆరు జీబ్రా డానియోలు. గుంపులో ఉంటేనే వాటికి ధైర్యం. ఇంకో నెలకి ఒక హనీ గౌరామి జంట. అది పైకొచ్చి గాలి గుటక వేస్తే భయపడకు, మన కొర్రమీనులాగే దానికీ ఆ వసతి ఉంది. అక్కడితో ఆపు.

గోల్డ్‌ఫిష్ అర అడుగు దాటుతుంది, వద్దు. ఏంజెల్ వద్దు. ఫైటర్‌ని గప్పీలతో కలపకు, ఆ తోకలు చూసి శత్రువనుకుంటుంది. అద్దం శుభ్రం చేస్తుందని సక్కర్ ఫిష్ అంటగడతారు, అస్సలొద్దు. అడుగు పైగా పెరిగి, దాని మడ్డితో నీ తొట్టిని అదే పాడుచేస్తుంది. అలా పెరిగినవాటిని జాలిపడి కాలువల్లో వదిలేస్తేనే కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో దెయ్యం చేపై రైతుల వలలు చింపుతోంది. చేపైనా మొక్కైనా, నీకు ఎక్కువైతే షాపుకి తిరిగివ్వు, చెరువులో మాత్రం వెయ్యకు.

కొనేముందు షాపతన్ని మేత వెయ్యమని అడుగు. తినని చేప, రెక్కలు ముడుచుకున్న చేప, ఒంటిమీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలున్న చేప ఉన్న తొట్టిలోంచి ఏదీ తీసుకోకు. ఇంటికొచ్చాక కవరు పావుగంట తేలనిచ్చి, ఐదు నిమిషాలకో చిన్న గ్లాసు మన నీళ్లు కలుపుతూ, చివరికి వలతో చేపని మాత్రమే వదులు. కవరు నీళ్లు సింకులోకి.

మేత రెండు నిమిషాల్లో తినేంతే. వారానికి ఒక రోజు ఉపవాసం. మీ అత్తగారు ఏకాదశి అనుకోమను. మేత డబ్బా పిల్లాడికి అందకుండా పైన పెట్టు. చేపల్ని చంపేది ఎక్కువసార్లు ఆకలి కాదు, ప్రేమ.

ఇంకొకటి మర్చిపోతున్నా. దోమల మందు. ఆ స్ప్రేల్లో, ప్లగ్గుకి పెట్టే ద్రవాల్లో ఉండేది పైరిథ్రాయిడ్, మనకి పెద్ద ప్రమాదం లేదు కానీ చేపకి చుక్క చాలు. ఎయిర్ పంపు గదిలో గాలినే పీల్చి నీళ్లలోకి కొడుతుంది కదా. ఆ గదిలో అది వాడనే వాడకు, దోమతెర కట్టుకోండి. మేలో నీళ్లు 32 దాటితే మూత తీసి, పైన వల కట్టి, టేబుల్ ఫ్యాన్ నీటిమీదికి తిప్పు, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది, ఎయిర్ పంపు ఆ రోజుల్లో ఆగకూడదు. ఆ ఫ్యాన్ వైరుకీ వంపు పెట్టు.

ఆ పై శుక్రవారం మీ అన్నయ్య గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాడు. నా తొట్టిలో ఏడాదిగా ఆడుతున్న స్పాంజ్ ఒకటి తీసి, తొట్టి నీళ్లతో తడిపి, గాలాడేలా సగం ఖాళీగా ఉన్న డబ్బాలో పెట్టి పంపుతున్నాను. నీకు తోడు. అది పడితే నెల కాస్తా రెండు వారాలకి దిగొచ్చు. అయినా టెస్టు చెప్పిందే వినాలి. లింగంపల్లిలో దిగగానే తెప్పించుకుని, ఆలస్యం చెయ్యకుండా నీ ఎయిర్ పంపుకి తగిలించు. గోధుమరంగులో, బురద వాసనతో ఉంటుంది. మీ పనిమనిషికి ముందే చెప్పి ఉంచు, అంట్లతో పాటు తోమేస్తుంది.

మీ పెద్దమావయ్య